కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలి? టెక్సస్ అద్దె ఇంటి లెక్క

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కరెంటు పోతే పెద్దగా ఆలోచించే పని ఉండదు. బాల్కనీలోకి వెళ్లి పక్కింట్లో ఉందో లేదో చూస్తాం. అందరికీ పోతే ఇన్వర్టర్ చూసుకుంటుంది. మనకొక్కరికే పోతే 1912కి కొడతాం, లేదా వాచ్‌మన్ దగ్గరున్న లైన్‌మన్ నంబరు అడుగుతాం. బిల్లు వేసేది, తీగ లాగేది, ఫ్యూజు మార్చేది అంతా ఒకే డిస్కం. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో అద్దెకు దిగిన మనవాళ్లు కూడా ఇదే అలవాటుతో నెలనెలా ఎవరికి డబ్బు కడుతున్నారో ఆ కంపెనీకే ఫోన్ చేస్తారు. చాలాసేపు హోల్డ్‌లో పెట్టాక అటు నుంచి వచ్చే జవాబు, తీగలు తమవి కావని, ఇంకో నంబరుకు చేయమని. ఆ ఇంకో నంబరు వాళ్లేమో తమ లైన్ బాగానే ఉంది, మీ అపార్ట్‌మెంట్ వాళ్లను అడగండి అంటారు. అపార్ట్‌మెంట్ ఆఫీసు ఆరింటికే మూసేశారు.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, టెక్సస్‌లో ఎక్కువ చోట్ల మన ప్లగ్గు దాకా వచ్చే కరెంటు నలుగురి చేతులు మారి వస్తుంది. ఆ నలుగురిలో ఎవరి దగ్గర ఆగిందో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. అది తేల్చుకోవడానికి ఇంట్లోనే కొన్ని గుర్తులుంటాయి.

నలుగురు ఎవరు

పైన ఎర్కాట్ అనే సంస్థ ఉంటుంది. రాష్ట్రంలో ఎక్కువ భాగానికి గ్రిడ్ నడిపేది అదే. ఎంత కరెంటు తయారవుతోంది, ఎంత వాడకం ఉంది అని నిమిష నిమిషానికీ చూసుకుంటుంది. దాని కింద తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు సొంతంగా ఉన్న కంపెనీలుంటాయి. డాలస్ ప్రాంతంలో చాలా చోట్ల అది ఆంకోర్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. మూడోది మనం ప్లాన్ తీసుకున్న రిటైల్ కంపెనీ. 1999లో చేసిన చట్టం ప్రకారం 2002 జనవరి నుంచి ఈ రిటైల్ పోటీ మొదలైంది. వీళ్లు కరెంటు కొని మనకు అమ్మి బిల్లు వేస్తారంతే. నిచ్చెన ఎక్కే మనిషి వీళ్ల దగ్గర ఉండడు. నాలుగో చేయి అపార్ట్‌మెంట్ ఓనర్‌ది. మీటరు దాటాక గోడలో ఉన్న వైరు, బ్రేకర్ బాక్సు, ఏసీ, గీజరు అన్నీ ఓనర్ సొత్తు, బాధ్యతా ఓనర్‌దే.

అన్ని ఊళ్లలో ఇలా ఉండదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో, గార్లండ్, డెంటన్ లాంటి చోట్ల నగరం సొంత విద్యుత్ సంస్థ ఉంది, మన డిస్కం లాగే తీగా బిల్లూ ఒకరివే. కొన్ని చోట్ల సహకార సంఘాలున్నాయి. ఫ్రిస్కోలో అయితే ఏ అపార్ట్‌మెంట్‌లో దిగామన్నదాన్ని బట్టి ఆంకోర్ ఉండొచ్చు, కోసెర్వ్ అనే సహకార సంస్థ ఉండొచ్చు. అందుకే స్నేహితుడు పంపిన నంబరు మనకు పనికిరాకపోవచ్చు. మీ బిల్లు మీద, రిటైల్ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉన్నా సరే, కరెంటు పోతే పిలవాల్సిన తీగల కంపెనీ పేరు, నంబరు ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటాయి. అక్కడే ఈఎస్ఐ ఐడీ అని ఒక పొడవాటి అంకె ఉంటుంది, ప్రాంతాన్ని బట్టి 17 లేదా 22 అంకెలు. మీ ఇంటి మీటరుకు అది ఆధార్ నంబరు లాంటిది. ఆ బిల్లును ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కరెంటు లేనప్పుడు, వైఫై లేనప్పుడు, ఈమెయిల్లో వెతుక్కోవడం అంత సులువు కాదు.

ఆంకోర్ పరిధిలో ఉంటే ముందే నంబరు రిజిస్టర్ చేసుకుని 66267కు 'అవుట్' అని మెసేజ్ పెడితే సరిపోతుంది. పక్కవాళ్లు ఎలాగూ చెప్పి ఉంటారులే అనుకోవద్దు. స్మార్ట్ మీటర్లు చాలా వరకు తమంతట తామే కబురు పంపుతాయి గానీ, పెద్ద తుఫానులో లైను బాగుచేశాక మీ ఒక్క భవనపు ట్రాన్స్‌ఫార్మర్ మిగిలిపోతే దాన్ని పట్టించేది మీ ఫిర్యాదే. 2024 మే 28న డాలస్ మీద విరుచుకుపడ్డ గాలివానలో ఆంకోర్ వినియోగదారులు 6 లక్షల మందికి పైగా చీకట్లో ఉన్నారు. అలాంటి రోజున ఎన్నో ఇళ్లకు ఒకేసారి కరెంటు తెప్పించే లైన్లు ముందు బాగుచేస్తారు, ఒక్కో వీధి, ఒక్కో భవనం తర్వాత.

ముందు మన గుమ్మం లోపల

ఫోన్ చేసే ముందు తలుపు తీసి కారిడార్ చూడండి. కారిడార్ లైట్లు, పార్కింగ్ లైట్లు ఓనర్ మీటరు మీద వెలుగుతాయి, మీ మీటరుతో వాటికి సంబంధం లేదు. అవి కూడా ఆరిపోయి ఉంటే బయటి సమస్య, తీగల కంపెనీకి చెప్పాలి. అవి వెలుగుతూ పక్క ఫ్లాట్ టీవీ కూడా వినిపిస్తుంటే సమస్య మీ ఇంటిదో, మీ అకౌంటుదో. ఎమర్జెన్సీ లైట్లు చూసి మోసపోవద్దు, బ్యాటరీ మీద అవి కాసేపు వెలుగుతాయి.

ఇంట్లో సగమే పోయిందా? వంటగట్టు మీద మిక్సీ ఆగిపోయి, ఫ్రిజ్ మాత్రం తిరుగుతుంటే ముందు గోడ మీద రెండు చిన్న బటన్లున్న ప్లగ్గు వెతకండి. దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు. తడి తగిలి కరెంటు పక్కదారి పడితే షాకు కొట్టకుండా కట్ చేయడం దాని పని. పప్పు రుబ్బుతూ జారు ఒలికినా, సింకు పక్కన తడిచేత్తో ప్లగ్గు ముట్టుకున్నా అది పడిపోతుంది. 'రీసెట్' బటన్ గట్టిగా నొక్కితే టక్కుమని మళ్లీ వస్తుంది. చిక్కేమిటంటే ఒక ప్లగ్గు వెనకాల మరో మూడు ప్లగ్గులు వేలాడుతుంటాయి. బాల్కనీ ప్లగ్గు పనిచేయకపోతే దాని బటన్ బాత్రూంలో ఉండొచ్చు. వంటింటి ప్లగ్గుది మైక్రోవేవ్ వెనకాల దాక్కుని ఉండొచ్చు. మెయింటెనెన్స్ అతను వచ్చి అరనిమిషంలో ఒక బటన్ నొక్కి వెళ్లిపోయే పనుల్లో ఇదే మొదటిది.

తర్వాత బ్రేకర్ బాక్సు. చాలా ఫ్లాట్లలో ఇది బెడ్‌రూం క్లోజెట్‌లో, వేలాడే కోట్ల వెనకాల ఉంటుంది. పడిపోయిన బ్రేకర్ పూర్తిగా ఆఫ్ వైపు ఉండదు, మధ్యలో నిలబడుతుంది, అందుకే కంటికి ఆనదు. దాన్ని ముందు ఆఫ్ వైపు పూర్తిగా నొక్కి, ఆ తర్వాత ఆన్ చేయాలి. అమెరికాలో మామూలు ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులు. 1500 వాట్ల స్పేస్ హీటర్ పెడితే అదొక్కటే పన్నెండున్నర ఆంపియర్లు లాగేస్తుంది. బెడ్‌రూం సర్క్యూట్ ఎక్కువగా 15 ఆంపియర్లదే, కాబట్టి అదే వరుసలో హెయిర్ డ్రయ్యరో ఇస్త్రీపెట్టో పెడితే పడిపోక ఏం చేస్తుంది? రీసెట్ చేసిన వెంటనే మళ్లీ పడిపోతే మాత్రం వదిలేయండి, అది మెయింటెనెన్స్ పని.

ఒక గుర్తు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని లైట్లు మసకబారి, కొన్ని మరీ ఎక్కువగా వెలుగుతూ, ఏదో ఆన్ చేస్తే ఇంకేదో కళ్లార్పుతూ ఉంటే న్యూట్రల్ తీగ వదులైందేమో అని అనుమానించాలి. టీవీ, ఫ్రిజ్, కంప్యూటర్ కాలిపోతాయి, మంటలు కూడా రావచ్చు. మెయిన్ బ్రేకర్ ఆఫ్ చేసి, తీగల కంపెనీకి, అపార్ట్‌మెంట్ ఎమర్జెన్సీ నంబరుకు ఇద్దరికీ చెప్పండి.

అన్నీ బాగానే ఉండి మీ ఒక్క ఇంట్లోనే కరెంటు లేకపోతే అకౌంటు చూసుకోండి. కొత్తగా దిగినవాళ్లకు ఇది తరచూ తగులుతుంది. పాత అద్దెవాళ్లు వెళ్లాక మీటరు తాత్కాలికంగా ఓనర్ పేరు మీదకు పోతుంది. మీరు దిగిన రోజున లైట్లు వెలుగుతాయి, కరెంటు ఉంది కదా అనుకుంటారు. ఆ కొన్ని రోజుల వాడకాన్ని ఫీజుతో కలిపి ఓనర్ మీ మీద వేస్తారు, లేదా ఒక మధ్యాహ్నం మీటరును దూరం నుంచే ఆపేస్తారు. ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. ఇలాంటప్పుడు మాత్రం ఫోన్ చేయాల్సింది రిటైల్ కంపెనీకే. స్మార్ట్ మీటరు కాబట్టి అకౌంటు తెరిస్తే మామూలుగా ఆ రోజే కరెంటు వస్తుంది.

ఎదురుగా వెలుగుతోంది, మనకెందుకు లేదు?

2021 ఫిబ్రవరి మంచుతుఫాను రోజుల్లో టెక్సస్‌లో ఉన్న ప్రతి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న తిరిగింది. రోడ్డుకు అవతల అపార్ట్‌మెంట్ ధగధగలాడుతుంటే ఇవతల మూడు రోజులు చలిలో వణికారు. వాళ్లకు ఎవరో పలుకుబడి ఉన్నవాళ్లు తెలుసని కూడా కొందరు అనుకున్నారు.

జరిగిందేమిటంటే, ఫిబ్రవరి 15 తెల్లవారుజామున చలికి గ్యాస్ బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాలు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి, అదే సమయంలో రాష్ట్రమంతా హీటర్లు వేసుకుంది. తయారీ, వాడకం సరితూగుతున్నాయా లేదా అని చూపే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 59.302కు పడింది. 59.4 కింద 9 నిమిషాలు ఉంటే మిగిలిన కేంద్రాలు కూడా తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోయేవి. ఎర్కాట్ తర్వాత చెప్పిన లెక్క ప్రకారం ఆ ప్రమాదానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరం దాకా వెళ్లి గ్రిడ్ బయటపడింది. ఆగిపోయి ఉంటే తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేది. అందుకని వాడకాన్ని బలవంతంగా కోశారు, ఒక దశలో 20,000 మెగావాట్లు. 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలో మృతులు 246 మంది.

కోత పెట్టేటప్పుడు వంతులవారీగా గంట నీకు, గంట నాకు అని తిప్పాలి. మన పల్లెల్లో వ్యవసాయ కరెంటుకు వేళలు పెట్టినట్టు. కానీ ఆసుపత్రి, ఫైర్ స్టేషన్, నీళ్ల పంపు ఉన్న లైన్లను కోయకూడదు. ఫ్రీక్వెన్సీ మరీ పడితే ఆటోమేటిక్‌గా తెగేలా అమర్చిన లైన్లను కూడా ముట్టుకోకూడదు, అవి చివరి రక్షణ. ఇవన్నీ తీసేస్తే కోయడానికి మిగిలిన లైన్లే తక్కువ, కోయాల్సినదేమో కొండంత. ఇక తిప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఎదురు అపార్ట్‌మెంట్ ఆసుపత్రి ఉన్న లైను మీద ఉంది, మనది లేదు, అంతే సంగతి. ఇల్లు వెతికేటప్పుడు దగ్గర్లో పెద్దాసుపత్రి ఉందా అని చూడటం చెడ్డ ఆలోచనేం కాదు గానీ, ఏ భవనం ఏ లైను మీద ఉందో లీజింగ్ ఆఫీసుకు కూడా తెలియదు.

డబ్బు వైపు కూడా అప్పుడే ఒక పాఠం నడిచింది. హోల్‌సేల్ ధర మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్ల గరిష్ఠానికి చేరి రోజుల తరబడి అక్కడే ఉంది. మన లెక్కలో యూనిట్‌కు 9 డాలర్లు. మామూలుగా సెంట్లలో కట్టేది. హోల్‌సేల్ ధరనే నేరుగా వేసే గ్రిడ్డీ ప్లాన్ తీసుకున్నవాళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ కంపెనీ మరుసటి నెలలో దివాలా తీసింది, అలాంటి ప్లాన్లను ఇళ్లకు అమ్మకుండా రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసింది. అయినా నెలనెలా రేటు మారే ప్లాన్లు ఇంకా ఉన్నాయి. ఫిక్స్‌డ్ ప్లాన్ గడువు ముగిశాక పట్టించుకోకపోతే మనకు తెలియకుండానే అందులోకి జారిపోతాం.

నీళ్ల సంగతి వేరు

కరెంటు మీ పేరు మీద ఉంటుంది గానీ, అపార్ట్‌మెంట్లలో నీళ్లు చాలా వరకు ఓనర్ పేరు మీద ఉంటాయి. మొత్తానికి ఒకే పెద్ద మీటరు, బిల్లును ఇంటి సైజును బట్టో మనుషుల సంఖ్యను బట్టో పంచుతారు, లేదా లోపల చిన్న మీటర్లు పెడతారు. అంటే నగరపాలక సంస్థ రికార్డుల్లో వినియోగదారు మీరు కాదు. నీళ్లు రాకపోతే మొదటి ఫోన్ అపార్ట్‌మెంట్ ఆఫీసుకే. ఓనర్ నీళ్ల బిల్లు కట్టక నగరం సరఫరా ఆపేసిందని తేలితే టెక్సస్ ఆస్తి చట్టం అద్దెవాళ్లకు గట్టి హక్కులే ఇచ్చింది. మీరే కట్టి సరఫరా తెప్పించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు, లీజు రద్దు చేసుకోవచ్చు.

గడ్డకట్టే చలి ఉంటే కుళాయిలు సన్నగా కారనివ్వాలి, సింకు కింద అల్మారా తలుపులు తీసి పెట్టాలి, ఊరెళ్లినా హీటర్ పూర్తిగా ఆపకూడదు. ఇది మంచిమాట మాత్రమే కాదు, చాలా లీజుల్లో రాసి ఉన్న షరతు. పాటించక పైపు పగిలితే కింద ఫ్లాట్ నష్టం కూడా మీ మెడకు చుట్టుకోవచ్చు. 'బాయిల్ వాటర్' నోటీసు వస్తే నీళ్లు బుడగలొచ్చేలా కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి. తాగడానికే కాదు, పళ్లు తోముకోవడానికి, కూరగాయలు కడగడానికి, చంటిపిల్లల పాలకు కూడా అవే. ఫిల్టరు జగ్గు, ఫ్రిజ్ ఫిల్టరు చాలవు.

ఓనర్ ఎంతవరకు బాధ్యుడు

గ్రిడ్ పడిపోతేనో గాలివానకు తీగ తెగితేనో ఓనర్‌ను అడగడానికి ఏమీ లేదు. లీజులో కూడా సరఫరా ఆగితే తమది బాధ్యత కాదని రాసుకుంటారు. ఓనర్ సొత్తు పాడైనప్పుడు మాటే వేరు. మామూలు మనిషి ఆరోగ్యానికి, భద్రతకు నిజంగా దెబ్బ తగిలే లోపం ఏదైనా ఉంటే బాగుచేయాల్సిన బాధ్యత టెక్సస్ చట్టంలో ఓనర్‌దే. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్లు ఇచ్చే గీజరు పనిచేయాలని చట్టంలోనే ఉంది. ఏసీ గురించి రాష్ట్రచట్టం పేరు పెట్టి చెప్పదు గానీ, డాలస్ నగరపు నిబంధన చెబుతుంది. వేసవి నెలల్లో గది బయటి కంటే కనీసం 15 డిగ్రీలు చల్లగా ఉండాలి, 85 దాటకూడదు. ఇది డాలస్ నగర హద్దుల్లోనే, పక్క ఊరికి వర్తించదు. మనవాళ్లు ఎక్కువగా ఉండేది పక్క ఊళ్లలోనే కాబట్టి మీ నగరం నిబంధన ఏమిటో చూసుకోవాలి.

హక్కు ఉందని తెలిసినా చాలామంది పోగొట్టుకునేది కాగితం దగ్గర. ఫోన్‌లో చెప్పాం, ఆఫీసు అమ్మాయి నోట్ చేసుకుంది అంటే లెక్కలోకి రాదు. లోపం ఏమిటి, ఎప్పటి నుంచి, ఇంట్లో థర్మామీటర్ ఎంత చూపిస్తోంది, చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉన్నారా అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. మన రిజిస్టర్డ్ పోస్టు లాంటి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపితే ఒక్క నోటీసు చాలు, మామూలుగా ఇస్తే కొంత గడువు చూసి రెండోది ఇవ్వాలి. సాధారణంగా 7 రోజులు సమంజసమైన గడువుగా చూస్తారు, మురుగు వెనక్కి తన్నడం, నీళ్లు పూర్తిగా ఆగిపోవడం లాంటి వాటికి ఇంకా తక్కువ. ముఖ్యమైన మెలిక ఒకటి, నోటీసు ఇచ్చే నాటికి మీ అద్దె బాకీ ఉండకూడదు. "ఏసీ బాగుచేసేదాకా అద్దె కట్టను" అని మన ఊళ్లో ఓనర్ అంకుల్‌తో అన్నట్టు ఇక్కడ అంటే ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు చేతికొస్తుంది, పైగా జరిమానా. మీరే బాగుచేయించి అద్దెలో కోసుకునే దారి చట్టంలో ఉంది గానీ దానికి షరతులు బోలెడు. వకీలునో అద్దెవాళ్లకు సాయంచేసే సంస్థనో అడగకుండా ఆ పని చేయొద్దు. జస్టిస్ కోర్టులో రిపేరు కేసు వేయడం అంతకంటే నిక్కచ్చి దారి, 20,000 డాలర్ల దాకా అక్కడే విచారిస్తారు. నోటీసు ఇచ్చామన్న కక్షతో ఆరు నెలల లోపు అద్దె పెంచినా ఖాళీ చేయమన్నా అది కూడా చట్టం ఒప్పుకోదు.

ఇన్సూరెన్స్ ఉందనుకుంటాం

లీజు చేసేటప్పుడు ఇన్సూరెన్స్ తప్పనిసరి అంటారు, నెలకు కొన్ని డాలర్లు కలిపేస్తారు. అది చాలాసార్లు లయబిలిటీ పాలసీ మాత్రమే. మీ వల్ల ఓనర్ భవనానికి జరిగే నష్టానికి అది డబ్బిస్తుంది. పై ఫ్లాట్ పైపు పగిలి మీ సోఫా, ల్యాప్‌టాప్, పట్టుచీరలు తడిస్తే పైసా రాదు. ఓనర్ ఇన్సూరెన్స్ గోడలకే, మీ సామానుకు కాదు. సొంత సామానుకు, ఇల్లు ఉండలేని స్థితి వస్తే హోటల్ ఖర్చుకు కలిపి ఉండే పూర్తి రెంటర్స్ పాలసీ వేరేగా తీసుకోవాలి. ధర తేడా పెద్దగా ఉండదు. కరెంటు పోయి ఫ్రిజ్‌లో పాడైన తిండికి కొంత పరిమితి దాకా ఇచ్చే పాలసీలూ ఉన్నాయి. పారేసే ముందు ఫ్రిజ్ తెరిచి ఒక వీడియో తీసుకోండి.

ఏది పారేయాలన్నది మన ఇళ్లలో ఎప్పుడూ గొడవే. ఆదివారం వండి డబ్బాల్లో పెట్టిన వారం కూరలు కదా! తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే ఉంటే 24. ఫ్రిజ్‌లో వేడి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి రెండు గంటలైతే పాలు, మాంసం, గుడ్డు కూర, వండిన అన్నం, పప్పు పారేయాల్సిందే. వాసన చూసి, మళ్లీ మరిగించి తినేద్దామంటే కుదరదు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగించినా పోదు. ఆవకాయ, నెయ్యి, కారప్పొడులకు ఏం కాదు.

పొయ్యి విషయం మరీ జాగ్రత్త. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి గ్యాసు లేదు, కరెంటు పొయ్యే. కరెంటు పోయిందని బాల్కనీ బొగ్గుల గ్రిల్‌ను హాల్లోకి తేవడం, వెచ్చదనానికి గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవడం 2021లో కొన్ని కుటుంబాల ప్రాణాలు తీసింది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ముందు తలనొప్పి, తర్వాత మగత. బాల్కనీలో జనరేటర్ కూడా అంతే ప్రమాదం. ఇన్వర్టర్ లోటు తీర్చుకోవాలంటే బ్యాటరీతో నడిచే పవర్ స్టేషన్ కొనుక్కోవచ్చు. 500 వాట్ అవర్‌లదైతే రౌటర్‌ను, ఫోన్లను ఒక రోజు పైనే లాగిస్తుంది. ఫ్రిజ్‌నూ హీటర్‌నూ లాగిస్తుందని ఆశపడొద్దు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఇంకో రెండు విషయాలు. వాడుతున్న ఇన్సులిన్‌లు చాలా వరకు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు 28 రోజుల దాకా ఫ్రిజ్ లేకుండా ఉంటాయి, కాబట్టి కంగారుపడి ఐసు మీద పెట్టి గడ్డకట్టించొద్దు, గడ్డకడితే అది పనికిరాదు. ఆక్సిజన్ మెషీన్ లాంటివి వాడుతుంటే డాక్టరు సంతకంతో క్రిటికల్ కేర్ దరఖాస్తు తీగల కంపెనీకి పంపించండి. బిల్లు ఆలస్యమైనా టక్కున కరెంటు తీయకుండా, ముందుగా నిర్ణయించిన కోతలుంటే కబురు వచ్చేలా అది పనికొస్తుంది. దానికి కాలపరిమితి ఉంటుంది, మళ్లీ మళ్లీ పంపుకోవాలి. ఆ దరఖాస్తు ఉన్నంత మాత్రాన కరెంటు పోదన్న హామీ లేదని అదే ఫారం మీద రాసి ఉంటుంది. అందుకే మెషీన్‌కు సరిపడే బ్యాటరీ ఒకటి ఇంట్లో ఉండాలి, అది అయిపోయేలోపు వెళ్లడానికి వేరే లైను మీద ఉన్న బంధువుల ఇల్లో ఆసుపత్రో ముందే అనుకుని ఉంచుకోవాలి.